హింజ్ దగ్గర విరిగిన ప్లాస్టిక్ ల్యాప్‌టాప్: ఈసారి మెటల్ బాడీ తీసుకుంటే నయమా?

గోదారి_గట్టు
రెండున్నరేళ్ల ల్యాప్‌టాప్. మూత తెరుస్తుంటే ఎడమ మూల, హింజ్ అనే కీలు దగ్గర, టక్‌మంటోంది, అక్కడ బేసు విడిపోయి గోరు దూరేంత సందు వచ్చింది. కింద పడింది లేదు, నీళ్లు పోసింది లేదు. షాపులో "హింజ్ పోయింది, ఏ, సీ, డీ మూడు ప్యానెళ్లూ మార్చాలి, 6,500" అన్నారు. వారంటీ ఎప్పుడో అయిపోయింది. ప్లాస్టిక్ కాబట్టే ఇలా అయిందా? అలాగైతే 15 వేలు ఎక్కువ పెట్టి మెటల్ బాడీదే కొంటా. విప్పి చూసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. అన్‌బాక్సింగ్ వీడియోల మాట వద్దు.

బడ్జెట్_బాబాయ్
మెటలే. ఇందులో ఆలోచించడానికేముంది.

పాత_నోకియా
నోకియా 1100 ఫోన్ ప్లాస్టిక్కే కదా బాబాయ్.

చిప్‌లెవల్_సికింద్రాబాద్
జర ఆగుండ్రి. హింజ్ పోలే. హింజ్ ఉక్కుది, దానికేం కాదు. దాన్ని పట్టుకున్న జాగ పోతది. బేసు లోపల చిన్న చిన్న ప్లాస్టిక్ స్తంభాలుంటయి, బాస్‌లంటం. ఒక్కో దాంట్ల ఇత్తడి ఇన్సర్ట్, అంటే లోపల మరలున్న చిన్న గొట్టం, కూసొని ఉంటది, హింజ్ స్క్రూ అందుల బిగిస్తరు. హింజ్‌ల గ్రీజు ఎండుతది, బిగుసుకపోతది. మీరు ఎప్పటిలెక్క లేపుతరు, జోరంత ఆ ఇన్సర్ట్‌ల మీద పడతది. ఒకదినం ఇత్తడి ముక్క ప్లాస్టిక్‌ను పీక్కొని బయటికొస్తది. టక్‌మన్నది అదే.

లెక్క చూడుండ్రి: స్క్రీన్ పై అంచు నుంచి ఇరుసుకు 22 సెంటీమీటర్లు, ఇరుసు నుంచి బాస్‌కు 2. పైన కిలో బలం పెడితే బాస్ కాడ సుమారు పదకొండు కిలోలు. ఒక్క మూల పట్టి లేపితే ఆ బరువంత ఒక్క దిక్కే.

మూడు ప్యానెళ్లు అక్కర లేదు. ఏ అంటే పై మూత, బీ స్క్రీన్ చుట్టూ చట్రం, సీ కీబోర్డు ఉన్నది, డీ అడుగుది. మీరు చెప్పిన దాన్ని బట్టి సీ ప్యానెల్ బాస్‌లే పోయుంటయి. మూత సందు లేకుంట మంచిగుంటే ఏ జోలికి పోవద్దు.

బడ్జెట్_బాబాయ్
మొత్తం మీద నేనన్నదే కదా, ప్లాస్టిక్ పోయింది.

మోల్డ్‌షాప్_లక్ష్మి
బాబాయ్ గారూ, ప్లాస్టిక్ అంటే ఒక్కటి కాదు. గోదారి_గట్టు గారు, అడుగు ప్యానెల్ విప్పితే లోపల గోడ మీద రెండు బాణం గుర్తుల మధ్య అక్షరాలు పోతపోసి ఉంటాయి. 'ఏబీఎస్' అని ఒక్కటే ఉంటే చవకది. 'పీసీ+ఏబీఎస్' ఉంటే, అంటే పాలికార్బొనేట్ కలిపి ఉంటే నయం. 'జీఎఫ్' పక్కన అంకె ఉంటే గాజు నార కలిపారని, ఆ అంకె ఎంత శాతమో చెబుతుంది. గాజు నార కలిపిన నైలాన్ బాస్‌ని పీకాలంటే చేతులు నొప్పెడతాయి.

కానీ పదార్థం మంచిదైనా కొలత తప్పితే అంతే. బాస్ బయటి వ్యాసం ఇన్సర్ట్ వ్యాసానికి దాదాపు రెండింతలు ఉండాలన్నది మోల్డింగ్‌లో అందరికీ తెలిసిన లెక్క. 3.5 మి.మీ. ఇన్సర్ట్‌కి 7 మి.మీ. బాస్. ల్యాప్‌టాప్ సన్నగా కనపడాలని 5కి తెస్తారు, చుట్టూ ముప్పావు మి.మీ. గోడ మిగులుతుంది.

ఇంకోటి, కరిగిన ప్లాస్టిక్ బాస్ మధ్య ఉండే పిన్ను చుట్టూ రెండు పాయలుగా వెళ్లి అవతల కలుస్తుంది. కలిసిన చోట అతుకు గీత మిగిలిపోతుంది. చీలిక ఎప్పుడూ అక్కడే మొదలు. విరిగిన బాస్‌ని చూడండి, నిలువుగా ఒకే గీతన చీలి ఉంటుంది.

గోదారి_గట్టు
విప్పాను లక్ష్మి గారూ. 'ఏబీఎస్' అనే ఉంది, ఇంకేం లేదు. ఎడమవైపు మూడు బాస్‌ల్లో రెండు పోయాయి, ఒకటి మీరన్నట్టే నిలువుగా చీలింది. కుడివైపు బాగానే ఉన్నాయి.

మెటలర్జీ_మాస్టారు
ప్లాస్టిక్‌లో రకాలు చెప్పారు, లోహంలోనూ అంతే. 'మెటల్ బాడీ' అని అట్ట మీద రాసినంత మాత్రాన నాలుగు ప్యానెళ్లూ లోహం కావు. మధ్యరకం ధర మోడళ్లు చాలావాటిలో ఏ ప్యానెల్ ఒక్కటి అల్యూమినియం రేకు, సీ, డీ ప్లాస్టిక్. అంటే హింజ్ మళ్లీ ప్లాస్టిక్ బాస్‌లోనే. పై మూత బరువు పెరిగింది కాబట్టి బాస్ మీద భారం ఇంకా ఎక్కువ. ఆ 15 వేలు తళుకుకి కట్టినట్టే.

నిజంగా సీ ప్యానెల్ కూడా అల్యూమినియం దిమ్మ నుంచి తొలిచి చేసిందైతే సంగతి వేరు. మరలు లోహంలోనే ఉంటాయి, ఊడవు. వంగకుండా నిలిచే బిగువు లెక్కన పాలికార్బొనేట్ 2.4 గిగాపాస్కల్స్ అయితే అల్యూమినియం 69, మెగ్నీషియం 45. సాంద్రత వరసగా 1.2, 2.7, 1.8. మెగ్నీషియం మీద మోజు అందుకే, బరువులో మూడోవంతు తగ్గుతుంది.

పాత_నోకియా
మెగ్నీషియం అంటే దీపావళికి చిటపటలాడేదే కదా మాస్టారూ, ఒళ్లో పెట్టుకోవచ్చా?

మెటలర్జీ_మాస్టారు
పొడి, సన్న రిబ్బను అంటుకుంటాయి. ప్యానెల్ మందాన ఉన్న పోత ముక్కకి అగ్గిపుల్ల చాలదు, వేడిని ఎప్పటికప్పుడు లాగేసుకుంటుంది. నిశ్చింతగా పెట్టుకోండి.

అమీర్‌పేట్_హాస్టల్
మా రూమ్‌లో మెటల్‌ది ఒకటి ఉంది అన్నా. హింజ్ రాయిలా ఉంది. కానీ మంచం మీంచి పడి మూల సొట్ట పోయింది, ఆ మూలే స్క్రీన్ మీద నల్ల మచ్చ. పక్కోడి ప్లాస్టిక్‌ది రెండుసార్లు పడింది, ఏం కాలేదు. ఇదెట్లా?

మోల్డ్‌షాప్_లక్ష్మి
ప్లాస్టిక్ వంగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. అల్యూమినియం హద్దు దాటితే సొట్ట అలాగే ఉండిపోతుంది, అది లోపలికి నొక్కి డిస్‌ప్లే గాజు మీద ఆనుతుంది. పడిన క్షణం కంటే తరవాత మూత మూసినప్పుడల్లా ఆ సొట్ట నొక్కుతుంటే గాజు పోయిన కేసులే ఎక్కువ. సొట్ట పడ్డ మూతని అలా వాడొద్దు. ప్యానెల్ విప్పి, వెనక చెక్క దిమ్మ ఆనించి నైలాన్ సుత్తితో మెల్లగా సరిచేసి మళ్లీ బిగించాలి.

పాత_నోకియా
చివరికి నా దారికే వచ్చారు. 1100 వచ్చింది 2003లో, బరువు 86 గ్రాములు, పాతిక కోట్లకు పైగా అమ్ముడుపోయింది. పడితే వెనక మూత ఒక పక్క, బ్యాటరీ ఒక పక్క. ఏరుకుని పెట్టుకోవడమే. పడిన జోరంతా ఆ ముక్కలు ఎగరడంలోనే పోయేది.

ఇప్పటి ఫోన్ 200 గ్రాములు. మీటరు ఎత్తు నుంచి పడితే దాదాపు 2 జౌళ్లు, 1100కి 0.84. పైగా అప్పుడు స్క్రీన్ అగ్గిపెట్టెంత, దాని మీద ప్లాస్టిక్ కిటికీ. ఇప్పుడు ముందూ వెనకా గాజే.

బడ్జెట్_బాబాయ్
దాంట్లో యూపీఐ కొట్టి చూపించు.

పాత_నోకియా
టార్చి కొట్టి చూపిస్తా.

కేబుల్_కుర్రాడు
ఫోన్లలో మెటల్‌కి మారడంతో పోయినవీ ఉన్నాయి. 2014లో శాంసంగ్ గెలాక్సీ ఎస్5: ప్లాస్టిక్ మూత, చేత్తో తీసే బ్యాటరీ, పైగా నీళ్లూ దుమ్మూ తట్టుకుంటుందని చెప్పే ఐపీ67 రేటింగ్. 2015లో ఎస్6: లోహపు ఫ్రేము, రెండువైపులా గాజు, బ్యాటరీ లోపల అతికించేశారు, ఐపీ రేటింగే లేదు. చేతిలో మాత్రం ఖరీదైనదిలా ఉంటుంది.

అసలు ఫోన్‌కి నిండా లోహపు వీపు పెడితే సిగ్నల్ బయటికి రాదు. అందుకే పైనా కిందా ప్లాస్టిక్ గీతలు పెట్టి కోస్తారు. వైర్‌లెస్ ఛార్జింగ్ అయితే లోహం గుండా పనే చేయదు, ఆ కాయిల్ ఉన్న చోట గాజో ప్లాస్టిక్కో ఉండాల్సిందే.

మెటలర్జీ_మాస్టారు
అదే లోహం అన్నా మిశ్రమం మారితే కథ మారుతుంది. 2014లో ఐఫోన్ 6 ప్లస్ జేబులో వంగిందని గోల అయింది. వంగినవి ఎక్కువగా వాల్యూమ్ బటన్ల దగ్గర, ఫ్రేముకి రంధ్రాలు పడి బలం తగ్గిన చోటే. మరుసటి ఏడు 6ఎస్‌కి ఇంకా బలమైన మిశ్రమం, 7000 శ్రేణి అల్యూమినియం వాడారు. 2023లో 15 ప్రోకి టైటానియం ఫ్రేము, 2025లో 17 ప్రోకి తిరిగి అల్యూమినియమే. ఖరీదైన లోహమే ఎప్పుడూ గెలుస్తుందనుకోవద్దు, వేడి బయటికి పంపడంలో టైటానియం అల్యూమినియం ముందు దండగ.

డల్లాస్_తెలుగు
వేరే డౌటు, ఈ చర్చలోనే అడుగుతున్నా. ఇక్కడ మామూలుగా ఉన్న మెటల్ ల్యాప్‌టాప్ గుంటూరులో ఛార్జింగ్‌లో పెడితే అరచేతికి జుమ్మంటోంది. పాడైందా?

కేబుల్_కుర్రాడు
పాడవలేదు. అడాప్టర్‌లో కరెంటు వైపుకీ డీసీ వైపుకీ మధ్య వై కెపాసిటర్ ఉంటుంది, రేడియో గోల తగ్గించడానికి. అందులోంచి కొంచెం కరెంటు కారుతుంది. 2.2 నానోఫారడ్ అనుకుంటే 230 వోల్టులు, 50 హెర్ట్జ్ దగ్గర 0.16 మిల్లీఆంప్. రెండు పిన్నుల అడాప్టర్‌కి 0.25 దాకా ఒప్పుకుంటారు. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్ కాబట్టి అదే కెపాసిటర్‌లో 0.1 మాత్రమే. ఆ తేడాయే మీ అరచేతికి తెలుస్తోంది. ప్లాస్టిక్ బాడీలోనూ ఇదే కరెంటు ఉంటుంది, తాకడానికి లోహం దొరకదు, అంతే.

మల్టీమీటర్ పెడితే 90, 100 వోల్టులు చూపిస్తుంది, అది చూసి బెదరకండి. మీటర్ లోపలి నిరోధం పది మెగాఓమ్‌లు, అంత చిన్న కరెంటుకే అంత చూపిస్తుంది.

మందు ఏంటంటే ఎర్త్ ఉన్న మూడు పిన్నుల అడాప్టర్, నిజంగా ఎర్త్ ఉన్న సాకెట్. కొన్ని అడాప్టర్లకి మూడో పిన్ను ఉత్త ప్లాస్టిక్, అది చూసుకోండి.

అమీర్‌పేట్_హాస్టల్
సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో ఎట్లా తెలుస్తది అన్నా? ఇక్కడ అన్నింటికీ మూడు బొక్కలే.

కేబుల్_కుర్రాడు
బొక్క ఉంటే ఎర్త్ ఉన్నట్టు కాదు తమ్ముడూ. మీటర్‌తో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య చూస్తే ఫేజ్, న్యూట్రల్ మధ్య ఎంతొస్తుందో దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. మరీ సున్నా అయితే ఎవరో సాకెట్ వెనక న్యూట్రల్‌నే ఎర్త్‌కి కలిపారేమో తెరిపించి చూడాలి. మనవైపు కొంతమంది ఎలక్ట్రీషియన్లు చేసే పనే అది. ఎప్పుడైనా న్యూట్రల్ తెగిందా, ల్యాప్‌టాప్ బాడీకి నేరుగా 230 వస్తుంది. జుమ్మనడం పోవాలని ఆ పని మాత్రం చేయించకండి. ఫేజ్ ముట్టుకునే పరీక్షలు అలవాటు లేకపోతే చేయి తెలిసినవాళ్లని పిలవండి.

వైజాగ్_ఉప్పుగాలి
సముద్రం ఒడ్డున ఉండేవాళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. ఇక్కడ మెటల్ బాడీకి అరచేయి ఆనే చోట, పోర్టుల అంచుల్లో తెల్లటి పొడి, చిన్న చిన్న గుంటలు. తుడిస్తే పోవు.

మెటలర్జీ_మాస్టారు
చెమటలోనూ గాలిలోనూ ఉన్న ఉప్పులోని క్లోరైడ్ చేసే పని అది. అల్యూమినియంని కాపాడే ఎనోడైజింగ్ అనే ఆక్సైడ్ పూత ఓ పది మైక్రాన్లు ఉంటుంది. అంచుల్లో గీసుకుపోయిన చోట క్లోరైడ్ లోపలికి దిగి గుంట తొలుస్తుంది. స్టెయిన్‌లెస్ స్క్రూ అల్యూమినియంలో ఉంటే ఆ రెండింటి మధ్య చెమ్మ చేరగానే చిన్న బ్యాటరీ తయారవుతుంది, కరిగేది అల్యూమినియమే. మెగ్నీషియం ఇంకా త్వరగా కరుగుతుంది.

వాడాక నీళ్లలో ముంచి పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టండి. బట్టల సోడా కలిసిన క్లీనర్లు, నిమ్మ, వెనిగర్ వద్దు. అల్యూమినియం గిన్నెలో పులుసు నిలవ ఉంచితే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. పుల్లటిదైనా, చాకిరేవు సోడా అయినా ఆ పైపొరని తినేస్తాయి.

వైజాగ్_ఉప్పుగాలి
మరి ప్లాస్టిక్‌కి ఏ బాధా లేదా? ఇక్కడ రబ్బరు పూత మౌసులు, టార్చిలు రెండు వానాకాలాలు పోయేసరికి జిగటగా తయారవుతాయి, చేతికి నల్లగా అంటుకుంటుంది.

మోల్డ్‌షాప్_లక్ష్మి
అది ప్లాస్టిక్ కాదు, దాని మీద కొట్టిన పాలీయూరిథేన్ పూత. గాలిలో తేమకి అణువులు తెగి జిగురవుతుంది. బాగుచేసేది లేదు, తీసేయడమే. 90 శాతం పైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నూలు గుడ్డకి పట్టించి రుద్దితే నల్ల పేస్టులా ఊడివస్తుంది. కింద మామూలు ప్లాస్టిక్ బయటపడుతుంది, అది ఇంకో పదేళ్లు ఉంటుంది. గోళ్ల రంగు తీసే అసిటోన్ మాత్రం ముట్టించకండి, ఏబీఎస్ కరిగిపోతుంది. పాలికార్బొనేట్ కరక్కపోయినా తెల్లబారి చీలికలిస్తుంది, ముఖ్యంగా స్క్రూ బిగించి ఒత్తిడిలో ఉన్న చోట. థిన్నరూ, పెట్రోలూ అంతే.

బడ్జెట్_బాబాయ్
వేడి సంగతో? మెటల్ చల్లగా ఉంచుతుంది కదా, అదైనా ఒప్పుకోండి.

కేబుల్_కుర్రాడు
సగం. లోపలి చిప్ నుంచి బాడీకి వేడి చేరే దారి ఉంటేనే మెటల్ ఉపయోగం. అల్యూమినియం వేడిని ప్లాస్టిక్ కంటే వందల రెట్లు బాగా పంపుతుంది. కానీ చాలా ల్యాప్‌టాప్‌ల్లో వేడి రాగి గొట్టాల మీదుగా ఫ్యానుకి పోతుంది, బాడీకి మధ్యలో గాలి సందే. పైగా ఒకే 48 డిగ్రీలు లోహంలో చురుక్కుమంటాయి, ప్లాస్టిక్‌లో వెచ్చగా అనిపిస్తాయి. ఎలక్ట్రానిక్ వస్తువుల భద్రతకి ఉన్న 62368-1 ప్రమాణంలో కూడా పది సెకన్ల లోపు తాకే చోటుకి లోహమైతే 60 డిగ్రీలు, ప్లాస్టిక్ అయితే 77 దాకా వదిలారు.

గోదారి_గట్టు
చాలా తెలిసింది. కానీ నా ల్యాప్‌టాప్ ఇంకా విప్పే ఉంది. ప్యానెల్ మార్చకుండా ఆ రెండు బాస్‌లు అతికించే దారి ఉందా? ఫెవిక్విక్, వంటసోడా వేయమని ఒకరు చెప్పారు.

చిప్‌లెవల్_సికింద్రాబాద్
ఫెవిక్విక్, సోడా గట్టిగనే అయితది గని పెళుసు. హింజ్ లాగుడుకు నెల ఉండది. పైగా దాని పొగ చుట్టుపక్కల తెల్ల మచ్చలు చేస్తది. గిట్ల చేయుండ్రి:

ముందుగాల బ్యాటరీ కనెక్టర్ పీకుండ్రి. తీసిన స్క్రూలు కాగితం మీద బొమ్మ గీసి, ఎక్కడివి అక్కడ గుచ్చుండ్రి. పొడుగు స్క్రూ పొట్టి జాగల బిగిస్తే అవతలికి పొడుచుకొస్తది.

అసలు పని హింజ్ వదులు చేసుడు. ఇది చేయకుంట అతికిస్తే మల్ల ఊడుతది. ఇరుసు చివరన నట్టు ఉంటే పావు చుట్టు వదులు చేయుండ్రి, మూత కదిలిచ్చి చూడుండ్రి, చాలకుంటే ఇంకో పావు. ఒక్క వేలితో మూత లేవాలె, బేసు టేబుల్ మీంచి లేవద్దు, ఎక్కడ వదిలితే అక్కడ ఆగాలె. నట్టు లేకుండ ఒత్తేసిన హింజ్ అయితే కొత్తది కొనుడే.

బాస్ ఉన్న చోట ప్లాస్టిక్‌ను 120 నంబరు గరుకు కాగితంతో గీకి, ఐసోప్రొపైల్‌తో తుడిచి ఆరనీయుండ్రి. ఇన్సర్ట్‌ను ఉత్తగ పెట్టి అతికియ్యొద్దు. స్క్రూ మరలకు రవ్వంత గ్రీజు పెట్టి, ఇన్సర్ట్‌ను హింజ్‌కే బిగించి, హింజ్‌ను దాని జాగల కూసోబెట్టుండ్రి. అప్పుడు లైను తప్పది. రెండు గొట్టాల ఎపాక్సీ, అయిదు నిమిషాలది వద్దు, నెమ్మదిగ గట్టిపడేది, సమానంగ కలిపి ఇన్సర్ట్ చుట్టూ గుట్టలెక్క పోయుండ్రి. పక్కన ఉన్న బాగున్న బాస్‌ను గూడ కలుపుకొని పోస్తే బలం. మూత 90 డిగ్రీల కాడ గోడకు ఆనించి 24 గంటలు కదిలియ్యొద్దు.

మోల్డ్‌షాప్_లక్ష్మి
అన్న చెప్పిన దానికి ఒక్క మాట. ఎపాక్సీ పోసే ముందు డీ ప్యానెల్ ఒకసారి మూసి చూడండి, గుట్ట ఎత్తు ఎంత పడుతుందో. లేకపోతే గట్టిపడ్డాక మూత పట్టక ఆకురాయితో అరగదీయాల్సి వస్తుంది, ఆ పొడి కీబోర్డులోకి పోతుంది. వేడి సోల్డరింగ్ ఐరన్‌తో ఇన్సర్ట్ దించే పద్ధతి ఉంది కానీ అది బాస్ గోడ నిలబడి ఉన్నప్పుడే. మీది చీలింది కాబట్టి వద్దు.

చిప్‌లెవల్_సికింద్రాబాద్
ఎపాక్సీ గూడ ఆగకుంటే నాటు పద్ధతి: అడుగు నుంచి పూర్తిగ రంధ్రం కొట్టి, 2.5 మి.మీ. చదును తల బోల్టు, పైన నట్టు. కింద రెండు బోల్టు తలలు కనపడతయి గని ల్యాప్‌టాప్ పాతబడి పోయేదాక హింజ్ కదలది. రంధ్రం కొట్టేటప్పుడు మదర్‌బోర్డు తీసి పక్కన పెట్టుండ్రి, ఇనుప రజను పడితే ఖతం.

బడ్జెట్_బాబాయ్
సరే, కొత్తది కొనేవాడు షాపులో నిలబడి ఏం చూడాలో ఒక్క ముక్కలో చెప్పండి మరి.

మెటలర్జీ_మాస్టారు
మూత ఒక్క మూల పట్టి లేపండి. స్క్రీన్ మెలితిరిగినా, అవతలి హింజ్ దగ్గర సందు తెరుచుకున్నా వద్దు. కీబోర్డు మధ్యలో బొటనవేలితో నొక్కండి. సీ ప్యానెల్‌కి చేయి ఆనించండి, లోహమైతే చల్లగా తగులుతుంది, లోహం రంగు వేసిన ప్లాస్టిక్ తగలదు. ఇంటికొచ్చి ఆ మోడల్ పేరుతో విప్పిన ఫోటోలు వెతికి, హింజ్ స్క్రూలు దేనిలో దిగాయో చూడండి. అమెరికా సైనిక ప్రమాణం 810 (MIL-STD-810) అని రాసి ఉంటే ఏ పరీక్షలు చేశారో అడగండి. అందులో పడవేసే పరీక్ష 122 సెంటీమీటర్ల నుంచి 26 సార్లు, ప్లైవుడ్ మీద. మొత్తం ప్రమాణంలో ఏ పరీక్షలు చేయాలో కంపెనీయే ఎంచుకుంటుంది.

బడ్జెట్_బాబాయ్
ఒక్క ముక్క అన్నాను మాస్టారూ.

గోదారి_గట్టు
ఎడమ హింజ్ నట్టు అర చుట్టు వదులు చేశాను, వేలితో లేస్తోంది. ఎపాక్సీ పోసి గోడకి ఆనించాను. కుడి హింజ్ కూడా అంతే బిగువుగా ఉంది, బాస్‌లు బాగానే ఉన్నాయి. దాన్నీ ఇప్పుడే వదులు చేయాలా?

చిప్‌లెవల్_సికింద్రాబాద్
చేయాలె. లేకుంటే మెలి పడి మీరిప్పుడే పోసిన దిక్కు మీదనే భారం వస్తది. ఎపాక్సీ గట్టిపడినంక, రేపు. ఇయ్యాల ముట్టుకోకుండ్రి.